అరవై రెండు పేర్లు

ఓత్బర్ బయలుదేరిన రోజున అతని దగ్గర ఉన్నవి అరవై రెండు గుర్రాలు, వాటి మీద అరవై రెండు మంది మనుషులు, తొమ్మిది రోజులకి సరిపోయే దాణా. గెర్విన్‌కి ఈ లెక్క నోటికి వచ్చు. ఆ తర్వాతి లెక్కలూ వచ్చు. మూడో ఏటికి నాలుగు వందల మంది రౌతులు, పదో ఏటికి మూడు వేలు, ఇరవై ఏడో ఏడు వచ్చేసరికి తొమ్మిది వేలు. ఒక రౌతు ఇనప చొక్కా తొడుక్కుని, కత్తి పట్టుకుని, గుర్రాన్ని మేపుకుంటూ బతకాలంటే పన్నెండు కమతాల పంట కావాలి. తొమ్మిది వేలకి లక్షా ఎనిమిది వేల కమతాలు. అంత భూమి ఓత్బర్ ఆకాశం నుంచి తేలేదు. సగానికి పైగా మఠాల దగ్గర తీసుకున్నాడు. మ్యూజ్ నది ఒడ్డున గెర్విన్ ఉంటున్న మఠం కూడా మూడింట రెండు వంతుల పొలాన్ని అలాగే పోగొట్టుకుంది.

అయినా గెర్విన్‌కి ఓత్బర్ మీద కోపం లేదు. సరిగ్గా చెప్పాలంటే ఆరాధన ఉంది. అతనికి ఇరవై ఏళ్లు. పందులు కాసే ఇంట్లో పుట్టాడు. ఎవరూ చెప్పకుండానే ఒక ఉదయం వచ్చి మఠం తలుపు తట్టాడు. వంటింట్లో నీళ్లు మోస్తూ అక్షరాలు నేర్చుకున్నాడు. ఇప్పుడు ఈస్టర్ పండగ ఏ ఏడు ఏ రోజున వస్తుందో వేళ్ల కణుపుల మీద లెక్కగట్టి చెబితే పెద్ద సన్యాసులు కూడా నోరు వెళ్లబెట్టి వింటున్నారు. ఏమీ లేనిచోట మొదలుపెట్టి పైకి వచ్చినవాడి కథ అంటే అలాంటివాడికి ఎంత ఇష్టం ఉంటుందో వేరే చెప్పాలా? ఓత్బర్‌ని చిన్నతనంలో సవతి తల్లి ఉప్పుకొట్లో పెట్టి తాళం వేయించిందట. అక్కణ్ణుంచి తప్పించుకున్నవాడు ఫ్రాంకుల దేశాన్నంతా చేతిలో పెట్టుకున్నాడు. రాజు మాత్రం కాలేదు. రాజు పేరుతో రాజగృహానికి సర్వాధికారిగా ఉన్నాడు. ఆ రాజు పోయాక ఇంకో రాజుని కూర్చోబెట్టనూ లేదు. దాంతో పత్రాల మీద ఏ రాజు ఏలుబడి అని తేదీ వేయాలో తెలియక రాతగాళ్లు ‘రాజుగారు చనిపోయిన అయిదో సంవత్సరం’ అని వేసేవాళ్లు. ఖాళీ సింహాసనం పేరు మీద అయిదేళ్లు దేశం నడిపించిన మనిషి!

ఒక ఉదయం ద్రాక్షతోటలో కొమ్మలు కత్తిరిస్తూ గెర్విన్ తన గురువు ఆన్సోని అడిగాడు. “గురువుగారూ, అరవై రెండు మందితో బయలుదేరినవాళ్లు ఈ దేశంలో బోలెడంతమంది ఉండి ఉంటారు. వాళ్లంతా ఏ గుంటలో పడ్డారో ఎవరికీ తెలియదు. ఇతను మాత్రం ఎలా ఎదిగాడు? ఇతనిలో ఉండి, వాళ్లలో లేనిది ఏమిటి?”

ఆన్సోకి డెబ్బై ఏళ్లు ఉంటాయి. మఠానికి రాకముందు కొన్నేళ్లు ఓత్బర్ దండులో తిరిగినవాడు. ఆ రోజుల గురించి ఎవరైనా అడిగితే చెవుడు తెచ్చుకునేవాడు. ఏ ప్రశ్నకీ అడిగిన రోజున జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని ఇచ్చేవాడు. మనిషికి కోపం ఎందుకు వస్తుందని అడిగిన ఒక సన్యాసికి, మఠంలోని బాతులన్నిటినీ పొద్దుగుంకేలోగా ఏరు దాటించి రమ్మని చెప్పాడట. ఆ సన్యాసి మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. గెర్విన్ ప్రశ్న విని ఆయన తల కూడా ఎత్తలేదు. “ఈ వరస అయ్యాక ఆ వరస కత్తిరించు,” అన్నాడు. అంతే.

ఆ వారంలోనే ఓత్బర్ పడవ మీద మఠానికి వచ్చాడు. వచ్చాడనేకంటే తెచ్చారనడం నిజం. కాళ్లు వాచిపోయి, జ్వరంతో మూలుగుతూ, నలుగురు మోస్తే తప్ప కదలలేని స్థితిలో ఉన్నాడు. ఇక్కడే పోవాలని, ఇక్కడే పూడ్చాలని పట్టుబట్టాడట. ఇంకో కోరిక కూడా ఉంది. మొట్టమొదట తనతో బయలుదేరిన ఆ అరవై రెండు మంది పేర్లనీ తన చెవులు పనిచేస్తుండగానే ప్రార్థనలో చదివించాలి. వాళ్లలో ఒక్కడూ మిగల్లేదు. అందరూ మొదటి రెండేళ్లలోనే ఎక్కడెక్కడో పోయారు.

మఠంలో చనిపోయినవాళ్ల పేర్లు చదవడానికి ఒక పద్ధతి ఉంది. చదివేవాడు ఒక్కో పేరు చదివి కాసేపు ఆగుతాడు. ఆ చనిపోయిన మనిషి తాలూకు వాళ్లెవరైనా అక్కడుంటే ‘మావాడు’ అని ముందుకి వచ్చి నిలబడతారు. ఎవరూ లేకపోతే సన్యాసులే ఆ మాట అంటారు. పేరు లేకుండా ప్రార్థన లేదు. ‘ఫలానా యుద్ధంలో పోయిన నలభై మంది’ అని చదవడం కుదరదు. అందుకని మఠాధిపతి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కబురు పంపాడు. మర్నాడు ఉదయం పేర్లు చదువుతారు, ఆ రోజుల్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు రావచ్చు అని. పేర్లు రాసుకు రావడానికి గెర్విన్‌ని పంపమని ఆయనకి సలహా ఇచ్చింది ఆన్సో.

గెర్విన్ తోలుపత్రం చుట్ట, సిరా పట్టుకుని రోగి గదిలోకి వెళ్లాడు. ఇన్నాళ్లూ అంకెల్లో చూసిన మనిషి మంచం మీద ఒక పెద్ద మూటలా పడి ఉన్నాడు. పక్కన బల్ల మీద కాళ్లు చాపుకుని బెరో కూర్చుని ఉన్నాడు. అతను ఓత్బర్ గుర్రపుదళానికి పెద్ద. బుగ్గలు ఎర్రగా, గొంతు గంటలా ఉండే మనిషి.

“రాసుకో,” అన్నాడు ఓత్బర్ కళ్లు మూసుకునే. “నక్క. ఎర్రటి మగది, ఎడమ చెవి చిరిగి ఉంటుంది. బూడిద. దాని తర్వాత గడ్డిబొమ్మ, నీళ్లంటే భయం దానికి. తర్వాత పెళ్లికూతురు...”

గెర్విన్ కలం పైకెత్తాడు. “ప్రభూ, ఇవి గుర్రాల పేర్లు.”

“అవును మరి.”

“నాకు మనుషుల పేర్లు కావాలి. పెళ్లికూతురు మీద ఎక్కినవాడు ఎవరు?”

ఓత్బర్ కళ్లు తెరిచి వాసాల వైపు చూశాడు. “ఎడమ చేతివాటం. ఎప్పుడూ తిండి గురించే మాట్లాడేవాడు. రాత్రి కాపలాకి నిలబెడితే పాడేవాడు, ఎన్ని తన్నినా మానేవాడు కాదు.”

“పేరు, ప్రభూ?”

ఓత్బర్ తర్వాతి గుర్రం పేరు చెప్పాడు. మధ్యాహ్నం దాకా అదే తంతు. ఓత్బర్ గుర్రాలన్నిటినీ చెప్పాడు. గెర్విన్ మనసులో లెక్కపెట్టుకున్నాడు, సరిగ్గా అరవై రెండు, ఒక్కటి తగ్గలేదు. రంగులు చెప్పాడు, నడక చెప్పాడు, ఏది ఎక్కడ కాలు విరిగి పడిందో చెప్పాడు. మనుషుల పేర్లు మాత్రం పంతొమ్మిదే వచ్చాయి. మిగిలిన నలభై ముగ్గురిలో ఒకడికి దగ్గు, ఒకడికి మెల్లకన్ను, ఒకడు ముసలి తండ్రి గురించి ఏడ్చేవాడు. అంతకుమించి ఏమీ లేదు.

“ఏరా బెరో,” అన్నాడు ఓత్బర్ చివరికి. ఆ గొంతులో భయం విని గెర్విన్ కలం దించేశాడు. “పైన నన్ను ఎంతమంది అని అడగరురా. అదైతే చెప్పగలను. ఎవరెవరు అని అడుగుతారు.”

“ఇంకాస్త నిద్రపోండి ప్రభూ, అన్నీ గుర్తుకొస్తాయి,” అని బెరో దుప్పటి సర్ది, గెర్విన్ భుజం పట్టుకుని వసారాలోకి తీసుకొచ్చాడు. అక్కడ అసలు సంగతి ఎత్తాడు. “ఏమయ్యా చిన్న సన్యాసీ, నువ్వు ఈస్టర్‌ని వేళ్ల మీద పట్టుకొస్తావట కదా? మా మేత లెక్కలు చూసేవాడు తాగి ఏట్లో పడ్డాడు. చలి తగ్గగానే ఓత్బర్ కొడుకు దండు బయలుదేరుతుంది. తొమ్మిది వేల గుర్రాలకి ఏ ఊళ్లో ఎంత గడ్డి ఉందో చెప్పేవాడు కావాలి. గుర్రం ఇస్తాం, రెండు కమతాలు ఇస్తాం, ఈ నడినెత్తి గుండు మీద జుట్టు పెంచుకోవడానికి సెలవు కూడా ఇస్తాం. రేపు చదవడం అవగానే నాతో వచ్చెయ్.”

పందుల పాక నుంచి తొమ్మిది వేల గుర్రాల లెక్కకి! “మరి ఈ నలభై మూడు పేర్లు?” అన్నాడు గెర్విన్.

“రాసెయ్.”

“ఏమని రాయను?”

“ఏదో ఒకటి రాయవయ్యా బాబూ. మనవాళ్ల పేర్లు ఎన్ని ఉంటాయి కనక? ఆయన ప్రశాంతంగా కన్ను మూయాలి, నాకు అదే కావాలి. చచ్చినవాళ్లు వచ్చి నీతో పోట్లాడరు.” బెరో నవ్వి లోపలికి వెళ్లిపోయాడు.

గెర్విన్ రాత గదిలో కూర్చుని ఆలోచించాడు. ఏదో ఒకటి రాయడం అతనికి నచ్చదు. పద్ధతి కావాలి. ఫ్రాంకుల పేర్లు రెండు ముక్కలుగా ఉంటాయని అతను ఎప్పుడో గమనించాడు. తండ్రి పేరులో ముందు ముక్క, తల్లివైపు వాళ్ల పేరులో వెనక ముక్క తీసి బిడ్డకి పెడతారు. ముందు ముక్కలు ఏడు తీసుకున్నాడు: గుండ్, లాండ్, వాల్, ఎర్, రాగిన్, హిల్ద్, తియద్. వెనక ముక్కలు ఏడు: బాల్ద్, విన్, మార్, రిక్, హార్ద్, బెర్త్, గార్. ఏడేడుల నలభై తొమ్మిది. నోరు తిరగనివి ఆరు తీసేస్తే సరిగ్గా నలభై మూడు! అంత చక్కగా లెక్క కుదిరినందుకు అతనికి నిజంగా ఆనందం వేసింది. వరసగా ఉంటే అనుమానం వస్తుందని కలిపేసి, పంతొమ్మిది నిజం పేర్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఇరికించాడు. పని ముగిసేసరికి ఎండ ఇంకా గోడ దిగలేదు.

చుట్ట తీసుకెళ్లి గురువుకి చూపించాడు. ఆన్సో మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాడు. “ఇంత తొందరగా ఎలా దొరికాయి?”

“లెక్క, గురువుగారూ.” గెర్విన్ దాచలేదు. ముక్కలు కలిపిన సంగతంతా చెప్పాడు. చెబుతున్నప్పుడు గొంతులో కొంచెం గర్వం కూడా ధ్వనించింది.

“ఈ పేర్లతో పిలిస్తే ఎవరైనా పలుకుతారా?”

“పలకరు. అదే కదండీ ఇందులో సుఖం. ఎవరికీ నష్టం లేదు.”

ఆన్సో చుట్టని చుట్టి అతని చేతిలో పెట్టాడు. “అయితే రేపు నువ్వే చదువు,” అన్నాడు. మఠంలో ఆ పని ఎప్పుడూ పెద్దవాళ్లది. తనకి అంత గౌరవం ఇచ్చినందుకు గెర్విన్ పొంగిపోయాడు.

మర్నాడు ఉదయం సన్నగా వాన పడుతోంది. చర్చి నిండా జనం, తడిసిన ఉన్ని వాసన. ఓత్బర్‌ని తెచ్చి, చావబోయేవాళ్లని పడుకోబెట్టే ఆచారం ప్రకారం నేల మీద బూడిద చల్లి, దాని మీద గోనె పరిచి పడుకోబెట్టారు. గెర్విన్ చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు నిజమైనది. ఒక నడివయసు ఆవిడ “మావాడు” అని వచ్చి నిలబడింది. రెండోది అతను కట్టిన పేరు. ఆగాడు. దగ్గులు, కాళ్ల చప్పుడు. సన్యాసులు “మావాడు” అన్నారు. బూడిద మీద నుంచి ఓత్బర్ సన్నటి గొంతుతో “అవును, వాడే” అన్నాడు. గెర్విన్ ఉలిక్కిపడ్డాడు. ఇంకో కట్టిన పేరు చదివాడు. “అవును, దగ్గేవాడు,” అన్నాడు ఓత్బర్. ప్రతి పేరుకీ అంతే. లోకంలో ఎన్నడూ పుట్టని మనుషుల్ని అతను ఒక్కొక్కర్నీ గుర్తుపడుతున్నాడు. ముఖంలో భయం మడతలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. బెరో స్తంభానికి ఆనుకుని గెర్విన్ వైపు కన్ను గీటాడు.

ముప్పై ఏడో పేరు లాండ్విన్. గెర్విన్ చదివి, ఆగాడు.

“మావాడు!”

జనంలో వెనక ఎక్కడో కదలిక. ఒక ముసలావిడ అందరినీ మోచేతులతో తోసుకుంటూ వచ్చింది. బాగా పొట్టి మనిషి, నెత్తిన తడిసిన గుడ్డ. ఆవిడ వెనక పొలం మట్టి ఆరని చేతులతో ఒక కుర్రవాడు, ఇరవై ఆరేళ్లుంటాయి. “మావాడే బాబూ, లాండ్విన్, మావాడే,” అంటూ వచ్చి అందరికంటే ముందు నిలబడింది. ఓత్బర్ తల ఆవిడ వైపు తిరిగింది. “అవును,” అన్నాడు. “మంచి గుర్రం వాడిది.”

మిగతా పేర్లు గెర్విన్ ఎలా చదివాడో అతనికే తెలియదు. చివరి పేరుకి కూడా అవునని, ఓత్బర్ ఒక పెద్ద ఊపిరి వదిలాడు. తర్వాతది తీసుకోలేదు. ఇరవై ఏడేళ్లు ఏలిన మనిషి బూడిద మీద నిశ్చింతగా పోయాడు. ఇంత మంచి చావు చూడలేదని మఠాధిపతి కళ్లు తుడుచుకున్నాడు.

ముసలావిడ చర్చి వాకిట్లోనే గెర్విన్‌ని పట్టుకుంది. ఆవిడ పేరు ఇమ్మా. ఏరు దాటి రాత్రంతా నడిచి వచ్చింది. “బాబూ, నీ నోట చల్లటి మాట వినిపించావు. మావాడు పొలం దున్నే గుర్రాన్ని విప్పుకుని పోయాడు. పెళ్లాం కడుపుతో ఉంది. ఆ పిల్ల వీణ్ణి కని పోయింది. ఊరంతా ఏమన్నారో తెలుసా? భయపడి పారిపోయాడన్నారు. నా మనవణ్ణి, ఇదిగో ఈ వాల్డోని, పారిపోయినవాడి కొడుకనే పిలుస్తారు. గుర్రం మీద వచ్చిన ప్రతివాణ్ణీ అడిగాను, మావాణ్ణి చూశారా అని. ఒక్కడూ చెప్పలేదు. నువ్వు చెప్పావు.” ఆవిడ అతని చేతిని రెండు చేతుల్లో పట్టుకుంది. “ఎక్కడ పడ్డాడు బాబూ?”

“ఏటి ఒడ్డున,” అన్నాడు గెర్విన్. ఆ మాట నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

“ఏ గట్టున? మావైపా, అవతలి వైపా?”

గెర్విన్ ఏటి వైపు చూశాడు. పక్కన వాల్డో నిలబడి ఉన్నాడు. ఆ కుర్రవాడు నిటారుగా నిలబడ్డ తీరు చూస్తే, ఆ నిలబడటం అతనికి ఇవాళే కొత్తగా వచ్చిందని ఎవరైనా చెప్పగలరు. అంతలో వెనక నుంచి బెరో గొంతు. “ఎవరు, లాండ్విన్ కొడుకా? అరవై రెండు మందిలో ఒకడి నెత్తురా ఇది?” వచ్చి వాల్డో వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. “ఇన్నాళ్లూ నాగలి పట్టుకుని ఏం చేస్తున్నావురా? సిగ్గులేదూ? ఒరేయ్, వీడికి గుర్రం తెండి! మన ముందు వరసలో నడుస్తాడు వీడు. ఇవాళే!” చుట్టూ ఉన్న రౌతులు ఈలలు వేశారు. ఒకడు తన తలమీది ఇనప టోపీ తీసి వాల్డో నెత్తిన పెట్టాడు. అది చెవుల దాకా దిగింది. అందరూ నవ్వారు. వాల్డో కూడా నవ్వాడు. మొహం చిన్నపిల్లవాడిలా వెలిగిపోయింది.

ఇమ్మా నవ్వలేదు. గెర్విన్ చేతిని వదలకుండా గొంతు తగ్గించింది. “బాబూ, ఆయనతో చెప్పవా? నేను వాడి పేరు వినడానికి వచ్చాను, అంతే. వీణ్ణి ఇవ్వడానికి రాలేదు. నాకు వీడొక్కడే. నీ మాట వింటారు, చదివింది నువ్వే కదా.”

“ఇప్పుడే వస్తానమ్మా,” అని గెర్విన్ చెయ్యి విడిపించుకున్నాడు. దాదాపు పరిగెత్తాడు. పేర్ల చుట్టలు పెట్టే పైగదిలో ఆన్సో ఒక్కడే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కణ్ణుంచి ముంగిలంతా కనిపిస్తుంది. ఇనప టోపీ, దాని పక్కన గుడ్డ కప్పుకున్న చిన్న తల, వానలో ఆవిర్లు కక్కుతున్న గుర్రాలు.

“గురువుగారూ, లాండ్విన్ అనేవాడు లేడు. నేను కట్టిన పేరది.”

“తెలుసు.”

“ఆవిడ కొడుకు పేరూ అదే అయింది. నలభై తొమ్మిదిలో ఆరు తీసేశాను. ఇది కూడా తీసేసి ఉంటే!” గోడకి ఆనుకున్నాడు. “నిజం చెబితే ఆ కుర్రవాడు మళ్లీ పారిపోయినవాడి కొడుకవుతాడు, ఇందరి ముందు, ఆ టోపీ నెత్తిన ఉండగా. చెప్పకపోతే దండుతో పోతాడు. ఓత్బర్‌తో మొదట పోయినవాళ్లు రెండేళ్లలో ఎంతమంది మిగిలారో నాకు తెలుసు.” ఇంకా ఏదో లెక్క చెప్పబోయాడు. ఎన్ని వేళ్లు మడిచినా తర్వాతి అంకె రాలేదు. “పైగా చావబోయేవాడి ప్రార్థనలో అబద్ధం చదివానని అందరి ముందు బయటపెడితే బెరో నా నాలుక కోయిస్తాడు.”

“కోయించవచ్చు,” అన్నాడు ఆన్సో.

“మీరు నిన్ననే ఆపి ఉండాల్సింది!”

కింద వాల్డోని గుర్రం ఎక్కించడానికి ఇద్దరు పట్టుకున్నారు. ముసలావిడ ఎవరితోనో ఏదో చెబుతోంది, వాళ్లు వినడం లేదు. గెర్విన్ కిటికీ వదిలి మెట్ల దగ్గరికి వచ్చాడు. “ముందు ఆవిడకి చెబుతాను,” అన్నాడు. “తర్వాత ఆ కుర్రవాడికి. బెరోకి చివర.” మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

అప్పుడే ముంగిట్లోంచి బెరో గంట లాంటి గొంతు పైకి వచ్చింది. “ఏమయ్యా చిన్న సన్యాసీ! ఎక్కడ దాక్కున్నావు? నీ గుర్రం సిద్ధంగా ఉంది, రా!”

గెర్విన్ కాలు ఆ మెట్టు మీదే ఆగింది. వెనక్కి తిరిగి గురువు వైపు చూశాడు.

“తోటలో అడిగావు కదా, ఇతను ఎలా ఎదిగాడని. మూడో ఏడు ఓత్బర్ గుడారానికి ఒక తల్లి వచ్చింది, కొడుకు ఎక్కడని,” అన్నాడు ఆన్సో, కిటికీ వైపు నుంచి తిరగకుండానే. “ఆయనకి తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా, నేను చూశాను. సరిగ్గా అప్పుడే, గుర్రం సిద్ధంగా ఉంది ప్రభూ అని నేను కేక వేశాను. ఆయన తెరిచిన నోరు మూసి, వెళ్లి గుర్రం ఎక్కాడు.”